నున్నటి గడ్డం

మా సెలూన్లో అద్దం కింద అరమీద ఒక ఆకుపచ్చ సీసా ఉంది. గడ్డం గీసుకున్నాక రాసుకునే లోషను. అది మా షాపు సరుకు కాదు, పక్క షాపాయన సొంతం. మేం ఎవరికైనా చివర్లో పటిక రుద్ది పంపిస్తాం. ఆయనకు పటిక కుదరదు, అందుకని తన సీసా తెచ్చి మా దగ్గర పెట్టుకున్నాడు. ఆయన పోయాడు, సీసా ఉండిపోయింది. ఆయన పోయిన వారానికి ఎవరో కొత్త మనిషి దాని మూత తీసి వాసన చూశాడు. అంతే, ఆయనే వచ్చి కుర్చీలో కూర్చున్నట్టు షాపంతా ఆ వాసన నిండింది. సగం గీసిన గడ్డాన్ని అలాగే వదిలేసి, వీధిలోకి పోయి కాసేపు నిలబడి వచ్చాను.

ఆయన అని రాస్తున్నాను, పోయిన మనిషి కదా అని. నోట్లో మాత్రం వాడు అనే వస్తుంది.

తిరుపతిలో బస్టాండు వెనక సందులో మా నాయన పెట్టిన సెలూన్ మాది. నాయన పోయాక కత్తి నా చేతికొచ్చింది. మా పక్క గది ఆయనది. నాలుగు కంప్యూటర్లు, ఒక పెద్ద టీవీ, ఆ టీవీకి తగిలించిన ఒక గేముల పెట్టె. బయట బోర్డు మీద గేమ్ సెంటర్ అని ఉంటుంది. కాలేజీ ఎగ్గొట్టిన పిలకాయలు పొద్దుటినుంచి అక్కడే. ఆయన తన షట్టర్ ఎత్తేముందు మా దగ్గరికి వచ్చేవాడు. రోజూ మా బోణీ ఆయన గడ్డమే.

కుర్చీలో కూర్చోగానే కళ్లు మూసుకుని మెడ వెనక్కి వాల్చేసేవాడు. "లోతుగా గీయప్పా" అనేవాడు. ఇంకేం మాట్లాడేవాడు కాదు. నలభై దాటిన మనిషికి అంత మెత్తటి చర్మం నేను చూడలేదు. పొక్కు లేదు, మచ్చ లేదు, కత్తి ఎక్కడా తట్టుకునేది కాదు. గీయడం అయ్యాక అద్దంలోకి చూస్తూ కుడిచేతి వేళ్ల వెనక భాగంతో చెవి కింద నుంచి గడ్డం కొస దాకా ఒకసారి రాసుకునేవాడు. మళ్లీ కింది నుంచి పైకి. ఎక్కడైనా గరుకు తగిలితే వేలితో చూపించేవాడు. ఆ వేలు చూపించిన చోట మళ్లీ నురగ పూసి గీయాలి. ఇన్నేళ్లలో ఎంతోమంది మొహాలు పట్టుకున్నాను, ఎవరి మీదా నాకు రోత పుట్టలేదు. ఆయన దవడ పట్టుకున్నప్పుడు మాత్రం, ముఖ్యంగా ఆ చివరి రెండేళ్లు, పని కాగానే చేయి సబ్బుతో కడుక్కునేవాణ్ణి.

ఎందుకంటే పక్క గదిలో మా తమ్ముడు ఉండేవాడు, గుండెల దాకా గడ్డం, భుజాల కింద దాకా జుట్టు.

వాడి సంగతి చెప్పాలి. వాడూ కత్తి పట్టినవాడే, నాకన్నా చేయి తేలిక. చిత్తూరు నుంచి వస్తుంటే పూతలపట్టు దగ్గర ఆటో తిరగబడి వాడి ఎడమచేయి నలిగిపోయింది. మణికట్టు బిగుసుకుపోయింది, రెండు వేళ్లు మాత్రం కదులుతాయి. గడ్డం గీయడంలో కత్తి పట్టిన చేతిది సగం పనే. చర్మాన్ని సాగదీసి పట్టే ఎడమచేతిది మిగతా సగం. ఆ సగం పోయేసరికి వాడి పని మొత్తం పోయింది.

ఆటా పోయింది. ఆయన టీవీ పెట్టెలో ఒక కత్తియుద్ధం ఆట ఉండేది. కొండమీద కోట, గది గదికీ ఒక రాక్షసుడు, ఒక్కణ్ణి చంపితేగాని పై గది తలుపు తెరుచుకోదు. మావాడు సగం కోట ఎక్కాక ఈ ప్రమాదం. ఆ పెట్టె ఆటకు జాయ్‌స్టిక్కును రెండు చేతులా బిగించి పట్టుకోవాలి. వీడు పట్టలేడు. అదే కంప్యూటర్ మీదైతే, బిగుసుకున్న చేతిని బల్లమీద ఆనించి ఆ రెండు వేళ్లతో మీటలు నొక్కవచ్చు, కుడిచేత్తో మౌస్ తిప్పుకోవచ్చు. కానీ ఆ ఆట కంప్యూటర్‌కి లేదు. ఆ పెట్టె కంపెనీవాళ్లు దాన్ని తమ పెట్టెకు తప్ప ఇంకెక్కడికీ ఇవ్వలేదు. మిగతా పిలకాయలకు అది సరదా. మావాడికి సగంలో ఆగిపోయిన బతుకులో సగంలో ఆగిపోయిన ఆట.

ఆయనకు ఇదంతా తెలుసు. తెలిసే మొదలుపెట్టాడు.

పిలకాయలు ఆయనకు వస్తాందన్న అని పేరు పెట్టుకున్నారు. ఊరికే పెట్టలేదు. ఎవరో ఒకడు, "అన్నా, ఆ గేమ్ గురించి ఏమైనా తెలిసిందా?" అని అడుగుతాడు. ఆయన వెంటనే చెప్పడు. ఫోన్ తీసి చూస్తాడు. స్క్రీన్ వాళ్లకు కనబడకుండా బల్లమీద బోర్లా పెడతాడు. వేళ్ల వెనక భాగంతో గడ్డం రాసుకుంటాడు, నేను అప్పుడే గీసి పంపిన గడ్డం. అప్పటికి ఆటలన్నీ ఆగిపోయి అందరూ ఆయన చుట్టూ చేరతారు. అప్పుడు మెల్లగా, "వస్తాంది" అంటాడు.

"ఎట్లన్నా?"

"ఫారిన్లో పిలకాయలు చందాలు వేసుకుంటా ఉండారు. వాళ్లనుకున్న లెక్క నిండితే కంపెనీ వాడు కంప్యూటర్‌కి చేసిచ్చేస్తాడు."

"ఎవరు చెప్పినారు?"

"ఎవరో చెప్పేదేంది, నెట్లో ఉండాది."

మా సెలూన్‌కీ ఆ గదికీ మధ్య ఉన్నది ఒక రేకు. నాకన్నీ వినబడేవి. ఒకరోజు కంపెనీ వాడు అట్లాంటిదేమీ లేదన్నాడట. "లేదన్నాడంటే ఉండేదాన్ని దాస్తా ఉండాడని" అన్నాడు ఆయన. ఇంకోరోజు ఆ కంపెనీ ఏదో ఫొటో పెట్టిందట, అందులో ఒక మూల కీబోర్డు ఉందట. "ఆ కీబోర్డు ఆడెందుకుండాది? సూడండి మీరే." మరోరోజు కంప్యూటర్ పని తెలిసినవాళ్లు కావాలని వాళ్లు ప్రకటన వేశారట. ఏ కంపెనీకైనా కంప్యూటర్ పని తెలిసినవాళ్లు కావాలి కదా, నా కొట్టుకు కత్తెర పట్టేవాడు కావాలన్నట్టు. అది అడిగే బుర్ర ఒక్కడికీ లేదు. కాదన్నా రుజువే, ఔనన్నా రుజువే, నోరు మూసుకున్నా రుజువే. ఇంత నీచమైన తెలివి ఇంకోటి నేను చూడలేదు.

పోనీ దీంతో ఆయనేమైనా వెనకేసుకున్నాడా అంటే, అదీ లేదు. చందా అని ఒక్కరి దగ్గరా రూపాయి ముట్టలేదు. దొంగైతే నాకింత అసహ్యం ఉండేది కాదు, దొంగకు ఒక అవసరం ఉంటుంది. ఈయనకు కావలసింది ఆ మొహాలు. వస్తాంది అనగానే వాళ్ల మొహాల్లో వచ్చే వెలుగు ఉంటుంది చూడండి, అది రోజూ కావాలి ఆయనకు. కాఫీ తాగినట్టు తాగేవాడు.

మొక్కు సంగతి ఆ తరవాత వచ్చింది. ఒకడు అడిగాడు, మనమూ చందా వేద్దామా అని.

"మన కార్డులు ఆడ పనిచేయవప్పా" అన్నాడు ఆయన. "ఇంగ మనకాడ ఇచ్చేదానికి ఏముండాది? తల ఉండాది. మొక్కుకోండి. లెక్క నిండి గేమ్ వచ్చిందాకా తల మీద, గడ్డం మీద కత్తి పెట్టేది లేదు. వచ్చినాక అందరమూ కొండకు పోయి ఇచ్చేద్దాం. అదే మన చందా."

ఇంకో ఊళ్లో అయితే నవ్వేవాళ్లు. మా ఊళ్లో నవ్వరు. ఇక్కడ బోరులో నీళ్లు పడాలన్నా మొక్కే, పరీక్ష గట్టెక్కాలన్నా మొక్కే, వీసా రావాలన్నా మొక్కే. ఎక్కడో విదేశాల్లో ఎవరో ఆటకోసం చందాలు పోగుచేస్తుంటే, తిరుపతిలో ఐదుగురు పిలకాయలు దానికి తలవెంట్రుకలు రాసిచ్చారు. అందులో మావాడొకడు.

మొక్కు చెప్పిన ఆయన మాత్రం మర్నాడు పొద్దున యథాప్రకారం వచ్చి కుర్చీలో మెడ వాల్చాడు. నేను అడిగాను, "నువ్వు పెంచవా?" అని.

"నాకు చర్మం పడదప్పా" అన్నాడు కళ్లు మూసుకునే. "గడ్డం పెంచితే పొక్కులొస్తాయి."

ఆ చర్మం గురించి నాకు చెప్తున్నాడు, రోజూ దాన్ని పట్టుకునేవాడికి. పని కాగానే చేయి కడుక్కున్నాను.

ఐదుగురిలో ఒకడికి పెళ్లి కుదిరింది, వాడు గీయించుకున్నాడు. ఒకడు పోలీసు సెలక్షన్లకు పోతూ తీయించుకున్నాడు. మిగతా ఇద్దరూ ఏ కారణమూ చెప్పకుండా ఒకరోజు నున్నటి మొహాలతో తిరిగారు. ఎవరినీ ఆయన ఏమీ అనలేదు. మా తమ్ముడు ఒక్కడే మిగిలాడు. ఇంట్లో మా అమ్మకు వాడు ఒక పని జరగాలని మొక్కుకున్నానని మాత్రమే చెప్పాడు. అమ్మ చేయి బాగుపడాలనే అనుకుంది. శనివారం శనివారం వాడి ముందు కర్పూరం వెలిగించి, ఆ జుట్టు కళ్లకు అద్దుకునేది. ఆటకోసమమ్మా అది అని నేను ఆమెకు ఎలా చెప్పను?

వాడు నిద్రలో ఉన్నప్పుడు తీసేద్దామని ఒకసారి కత్తెర పట్టుకున్నాను కూడా. అమ్మ చూసింది. "మొక్కుబడి తల మీద కత్తి పెడతావా? కండ్లు పోతాయి నీకు" అంది. నా కళ్లకు నేను భయపడలేదు గానీ, ఆమె మొహం చూసి ఆగిపోయాను.

రైల్వేస్టేషన్ దగ్గర ఒక లాడ్జి మేనేజరు మా ఖాతాదారు. మావాడి చేయి సంగతి తెలిసి రిసెప్షన్లో కూర్చోబెట్టుకుంటానన్నాడు. వచ్చేపోయేవాళ్ల పేర్లు కంప్యూటర్లో కొట్టడం, తాళాలివ్వడం. వాడి రెండు వేళ్లూ కుడిచేయీ చాలు దానికి. "ఒక్కటే. ఆ సన్నాసి వేషం తీసేసి రమ్మను. ఫామిలీలు దిగే లాడ్జి" అన్నాడు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. వాడు మళ్లీ పొద్దున లేచి చొక్కా వేసుకుని పనికి పోతాడు, అంతకన్నా ఇంకేం కావాలి నాకు?

తమ్ముడు రానన్నాడు.

"మొక్కులో ఉండా కదన్నా."

"స్వామి ఏమీ అనుకోడు రా. నేను పోయి చెప్పుకుంటా."

"స్వామి కాదన్నా. ఇప్పుడు తీసేస్తే ఇన్నాళ్లు పెంచిందంతా పోతాది. ఈ నెలలో లెక్క నిండిపోతాదంట."

మర్నాడు ఆయన వచ్చి మెడ వాల్చాడు. నురగ పూశాను. కత్తి తీసుకెళ్లి గొంతు దగ్గర ఆనించి, గీయకుండా ఆగాను.

"నిజం చెప్పు. ఆ గేమ్ వస్తాదా రాదా?"

ఆయన కళ్లు తెరవలేదు. కదల్లేదు కూడా.

"రాదు" అన్నాడు.

అంత తేలిగ్గా చెప్తాడని నేను అనుకోలేదు. "ఎప్పటినుంచి తెలుసు?"

"మొదట్నించీ తెలుసు. ఆ చందా పేజీ కూడా ఎవడో ఉత్తినే పెట్టినాడు. దాన్ని తీసేసి శానా రోజులైంది."

"మరి నా తమ్ముడికి ఎందుకు చెప్తా ఉండావు?"

"రాదని చెప్తే వాడు రేపట్నుంచి యాడికి పోతాడప్పా?" అన్నాడు. "గీయి. నురగ ఎండిపోతాంది."

గీశాను. ఏం చేయను, సగంలో వదిలి పంపలేను. ఆయన అద్దంలో చూసుకుని, వేళ్ల వెనక భాగంతో అటూ ఇటూ రాసుకుని, ఎడమ దవడ దగ్గర గరుకు చూపించాడు. అక్కడ మళ్లీ గీశాను. లోషన్ పూసుకుని పక్క గదికి పోయాడు. కాసేపటికి రేకు అవతలినుంచి "వస్తాంది" అని వినబడింది.

మధ్యాహ్నం తమ్ముణ్ణి పిలిచి జరిగింది జరిగినట్టు చెప్పాను. వాడు ఓపిగ్గా విన్నాడు.

"కత్తి యాడ పెట్టి అడిగినావన్నా?"

"గొంతు కాడ."

"నువ్వు కత్తి పెడితే ఎవరైనా రాదనే అంటారు" అన్నాడు వాడు. వాడికి కోపం కూడా రాలేదు, నామీద జాలి పడినట్టు చూసి వెళ్లిపోయాడు. ఆ నెలాఖరుకు లాడ్జిలో ఇంకెవరో కుర్రాణ్ణి పెట్టుకున్నారు.

తరవాత ఒక పొద్దున మా బోణీ కాలేదు. ఆయన రాలేదు. తమ్ముడు వెళ్లి చూస్తే మంచం మీద అలాగే ఉన్నాడు, గుండె ఆగిపోయింది. పెళ్లి చేసుకోలేదు, పిల్లల్లేరు. వడమాలపేట నుంచి చెల్లెలు, ఆమె కొడుకు వచ్చారు. ఆమె నన్నే పిలిచి, "మా అన్న గడ్డం మాసిన మొహంతో పోగూడదప్పా" అంది. చేశాను. ఒక్కరోజు గడ్డం పెరిగింది, చర్మం మాత్రం అప్పటికీ నున్నగానే ఉంది. ఏడుపు రాకపోతుందా అని నాకు నేనే చూసుకున్నాను. రాలేదు, రోతే వచ్చింది.

కొరివి ఎవరు పెట్టాలన్న మాట వచ్చింది. మేనల్లుడే పెట్టాలి గానీ వాడి భార్య నీళ్లాడబోతోంది. కడుపుతో ఉన్న పెళ్లాం ఇంట్లో ఉంటే మగవాడు కొరివి పట్టడు, గుండు చేయించుకోడు. అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటుంటే వెనకనుంచి మా తమ్ముడు ముందుకొచ్చాడు.

"నేను పెడతానక్కా" అన్నాడు.

ఎవరో పెద్దమనిషి కులం మాట ఎత్తబోయాడు. ఆ చెల్లెలు, "నీకు అంత ఇదిగా ఉంటే నువ్వు పెట్టు సామీ" అంది.

కొరివి పెట్టేవాడికి గుండు చేయాలి. చేయడానికి మంగలి కావాలి. అక్కడ ఉన్న మంగలిని నేను.

శ్మశానంలో కుళాయి పక్కన రాతిమీద తమ్ముడు కూర్చున్నాడు. నేను వెనక నిలబడ్డాను.

"మొక్కులో ఉండానంటివే రా."

"ఉండాను."

"లాడ్జికి తీయలేదు. అమ్మ ఏడిస్తే తీయలేదు. నేను కాళ్లు పట్టుకున్నంత పని చేస్తే తీయలేదు. ఈయనకు తీస్తావా?"

"ఆయనకెవరుండారన్నా?" అన్నాడు వాడు. "తియ్యి. పొద్దుపోతాంది."

అంత జుట్టుకు కత్తి పనికిరాదు. ముందు కత్తెరతో పాయలు పాయలుగా కోశాను. అమ్మ కర్పూరం వెలిగించి కళ్లకద్దుకున్న జుట్టు. కొండమీద స్వామికి చేరాల్సిన జుట్టు. అది బూడిద కలిసిన బురదలో పడుతోంది. తడిసి నా పాదాలకు అంటుకుంటోంది. ఆ వాసన, ఆ బురద, అవతల కట్టెలమీద నేను పొద్దున గీసిన నున్నటి గడ్డం, అన్నీ కలిసి నాకు రోత ముంచుకొచ్చింది. పళ్లు బిగించి తల, గడ్డం, మీసం అన్నీ తీసేశాను. కింద నా తమ్ముడి మొహం బయటపడింది. బుగ్గలు లోపలికి పోయాయి. ఎన్నాళ్లయింది ఆ మొహం చూసి. అప్పుడొచ్చింది నాకు ఏడుపు.

నిజం చెప్పొద్దూ, ఆ మంట ఆరకముందే నాకొక ఆశ పుట్టింది. మొక్కు తెగిపోయింది. ఆయన లేడు. మర్నాడే లాడ్జి మేనేజరుకు ఫోన్ చేశాను. పెట్టుకున్న కుర్రాడు మానేశాడని, కర్మలయ్యాక పంపమని అన్నాడు. తమ్ముడితో చెప్తే సరే అన్నాడు. అమ్మకు చెప్తే కొత్త చొక్కా కొనమంది. కొన్నాను.

కర్మలైన మర్నాడు, అంటే నిన్న, నేను కొత్త చొక్కా పట్టుకుని వాడికోసం చూస్తున్నాను. పక్క గది షట్టర్ లేచిన చప్పుడైంది. వెళ్లి చూస్తే ఆయన కుర్చీలో మా తమ్ముడు కూర్చుని ఉన్నాడు. ఆయన చెల్లెలు తాళాలు వాడికే ఇచ్చి నడుపుకోమందట, కర్మ చేసినవాడు కదా అని. చుట్టూ నలుగురు పిలకాయలు. వాళ్లలో ఇంకా మీసం సరిగ్గా రానివాడు ఒకడు అడిగాడు.

"అన్నా, ఆయన పోయినాడు కదా. ఇంగ ఆ గేమ్ రాదా?"

తమ్ముడు ఫోన్ చూశాడు. బల్లమీద బోర్లా పెట్టాడు. ఎడమచేయి ఎత్తి, కదిలే ఆ రెండు వేళ్ల వెనక భాగంతో గడ్డం రాసుకున్నాడు.

"వస్తాంది" అన్నాడు.

నేను చొక్కా అక్కడే బల్లమీద పడేసి వచ్చేశాను. రేకు అవతల మీసంరాని పిలకాయ మొక్కు సంగతి అడగడం, వీడు చెప్పడం అన్నీ వినబడ్డాయి.

ఈరోజు పొద్దున వాడు తన షట్టర్ ఎత్తేముందు మా షాపుకొచ్చాడు. బోణీ కుర్చీలో కూర్చుని, కళ్లు మూసుకుని, మెడ వెనక్కి వాల్చాడు. గుండు చేసిన తరవాత మొలిచింది బియ్యపు గింజంత కూడా లేదు. నురగ పూస్తూ అడిగాను.

"ఆ పిలకాయల చేత మొక్కించినావంట. మళ్లీ నువ్వూ పెంచొచ్చు కదరా?"

"నాకు చర్మం పడదన్నా" అన్నాడు వాడు.

రెండేళ్లు గుండెల దాకా గడ్డం పెంచినవాడు.

లోతుగానే గీశాను. అయ్యాక పటిక తీయబోతే చేయి అడ్డం పెట్టి, అద్దం కింద అరవైపు చూపించాడు. ఆకుపచ్చ సీసా తీసి వాడి చేతికిచ్చాను.